పండగ మనదే... పాఠం ఎవరిది?

బొబ్బిలి యుద్ధంలో తప్పెవరిది? ఈ ప్రశ్న బొబ్బిలిలో అడిగితే ఒక జవాబు వస్తుంది. విజయనగరంలో అడిగితే ఇంకో జవాబు వస్తుంది. మన శృంగవరపుకోటలో అడిగితే, పాఠం చెప్పే మాష్టారిది ఏ ఊరో చూసుకుని జవాబు వస్తుంది. రెండు వందల అరవై ఏళ్లు దాటినా ఈ తగువు తెగలేదు. ఎందుకు తెగలేదు? అడగాల్సిన ప్రశ్న అది కాదు గనక. తప్పెవరిదని అడుగుతున్నాం తప్ప, లాభం ఎవరికి పోయిందని అడగడం లేదు. చచ్చింది ఎవరని అడగడం లేదు. శిస్తు కట్టింది ఎవరని అసలే అడగడం లేదు.

ఈ వారం ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం ఉంది. పరీక్షలకు చదువుకునే మన పిల్లలు ప్లాసీ యుద్ధం తేదీ నిద్రలో అడిగినా చెబుతారు. 1757 జూన్ 23. సిరాజుద్దౌలా పేరు తెలుసు, మీర్ జాఫర్ పేరు తెలుసు, క్లైవ్ పేరు తెలుసు. మంచిదే, తెలియాలి. అదే ఏడాది జనవరి 24న, ప్లాసీకి ఐదు నెలల ముందు, మన గడ్డ మీద బొబ్బిలి కోట కూలిపోయింది. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూపించిన పాఠం ఎన్ని తరగతి గదుల్లో జరుగుతోంది? బెంగాల్లో ఇంగ్లీషు వాడు, మన దగ్గర ఫ్రెంచి వాడు. ఎత్తు ఒక్కటే. ఇద్దరు దేశీయుల తగువులో ఒకడి పక్కన నిలబడి, చివరికి ఇద్దరినీ మింగడం.

కథ అందరికీ తెలిసిందే అనుకుంటాం. ఒకసారి సూటిగా చెప్పుకుందాం. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచి వాళ్లకు రాసిచ్చాడు. మన కోస్తాను, మనల్ని అడగకుండా, ఇచ్చేశాడు. శిస్తు వసూలుకు ఫ్రెంచి సేనాని బుస్సీ దిగాడు. విజయనగరం ప్రభువు పెద విజయరామరాజు బుస్సీతో చేరాడు. బొబ్బిలి రంగారావుకూ విజయనగరానికీ పాత పగలున్నాయి. ఏటి కాలువల నీళ్ల తగాదాలు కూడా ఉన్నాయని చెబుతారు. ఆ పగకు ఫ్రెంచి ఫిరంగి తోడైంది. కోట నిలవదని తేలాక లోపలి ఆడవాళ్లనూ పిల్లలనూ శత్రువు చేతికి చిక్కకుండా సొంతవాళ్లే చంపుకున్నారు. మగవాళ్లు పోరాడి చచ్చారు. మూడో రాత్రి తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజును పొడిచి చంపాడు. ఇటు రాజు పోయాడు, అటు రాజూ పోయాడు. బుస్సీ మాత్రం తన ఫిరంగులు బండ్ల మీదికి ఎత్తించుకుని, శిస్తు లెక్క చూసుకుని, నిమ్మళంగా తన దారిన పోయాడు.

ఇక పాఠం దగ్గరికి వద్దాం. బొబ్బిలి వైపు వాళ్లు శౌర్యం చెబుతారు. వాళ్లకు 1891లో కట్టిన స్మారక స్తంభం ఉంది. జంగాలు పాడిన కథ ఉంది. 1964లో ఒక సినిమా, 1986లో ఇంకో సినిమా ఉన్నాయి. ఆ కథలో విజయనగరం ద్రోహి. విజయనగరం వైపు వాళ్లు ఈ మాటకు నొచ్చుకుంటారు. నిద్రలో ఉన్నవాణ్ని పొడవడం వీరమా అని అడుగుతారు. చదువులకూ సంగీతానికీ సాహిత్యానికీ పేరు తెచ్చిన సంస్థానాన్ని ఒక్క రోజు యుద్ధంతో తూచేస్తారా అంటారు. రెండు బాధలూ నిజమైనవే. రెండిటిలో ఏదీ అబద్ధమని మేం అనడం లేదు. మా అభ్యంతరం వేరు. ఈ రెండు కథల్లోనూ బుస్సీ పక్క పాత్ర అయిపోయాడు. రాజ్యం పట్టుకుపోయినవాడు తెర వెనకాల నిలబడ్డాడు. మిగిలిన ఇద్దరి వారసులం మనం తెర ముందు ఇంకా కొట్టుకుంటున్నాం.

పుస్తకాల సంగతి కూడా చూడాలి. బొబ్బిలి యుద్ధాన్ని విస్తరించి గ్రంథానికెక్కించిన తొలివాళ్లలో ఒకడు రాబర్ట్ ఆర్మ్. ఆయన ఇంగ్లీషు కంపెనీ చరిత్రకారుడు. తర్వాత 1907లో వచ్చిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్ రాసింది కూడా తెల్ల ఉద్యోగే. వాళ్ల శ్రమను కాదనం. వాళ్లు రాసిపెట్టకపోతే చాలా సంగతులు మనకు దక్కేవి కావు. కానీ ఒక పక్షం వాడు రాసిన లెక్కను ఇంకో పక్షం సాక్ష్యం లేకుండా ఏ కోర్టూ ఒప్పుకోదు. మన బడి ఎందుకు ఒప్పుకోవాలి?

అసలు పాఠం 1757తో ఆగిపోవడమే పెద్ద మోసం. ముందు పేజీ తిప్పండి. విజయరామరాజు తర్వాత గద్దెనెక్కిన ఆనందరాజుకు బుస్సీతో పడలేదు. 1758లో విశాఖపట్నంలో ఫ్రెంచి వాళ్లను పట్టుకుని, ఊరిని ఇంగ్లీషు వాళ్లకు అప్పగించాడు. రమ్మని కబురు పెట్టాడు. బెంగాల్ నుంచి క్లైవ్ పంపగా కర్నల్ ఫోర్డ్ సైన్యంతో దిగాడు. ఆ డిసెంబర్లో చందుర్తి దగ్గర ఫ్రెంచి వాళ్లు ఓడిపోయారు. మరుసటి ఏడాది మచిలీపట్నం ఇంగ్లీషు వాళ్ల చేతికి వచ్చింది. ఫ్రెంచి పీడ వదిలిందని సంబరపడ్డారు. నిజంగానే వదిలింది. దాని జాగాలో ఏది వచ్చి కూర్చుందో తెలియడానికి ఇంకో ముప్పై ఆరేళ్లు పట్టింది.

1794 జూలై 10. పద్మనాభం. గోస్తనీ ఒడ్డున ఉన్న ఊరు. అప్పటి విజయనగరం ప్రభువు చిన విజయరామరాజు. కంపెనీకి కట్టాల్సిన పేష్కష్ బకాయి పడిందన్నారు. జమీనును జప్తు చేశారు. నెలకు 1,200 రూపాయలు పింఛను ఇస్తాం, ఊరొదిలి మచిలీపట్నం పోయి కూర్చోమన్నారు. ఆయన పోలేదు. పద్మనాభంలో తనవాళ్లతో మకాం వేశాడు. కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సిపాయిలతో వచ్చిపడ్డాడు. ముప్పావుగంట యుద్ధం. రాజు నేలకొరిగాడు. ఆయన వైపు మూడు వందల మందికి పైగా చచ్చారు. కంపెనీ వైపు చచ్చింది పదమూడు మంది. ఏ కంపెనీని పిలిచి విశాఖపట్నం చేతిలో పెట్టారో, ఆ కంపెనీ తుపాకీకే ఆ ఇంటి రాజు బలైపోయాడు.

ఇప్పుడు చెప్పండి. బొబ్బిలిని ఫ్రెంచి ఫిరంగి కూల్చింది. విజయనగరాన్ని ఇంగ్లీషు తుపాకీ కూల్చింది. మధ్యలో ఉన్నది ముప్పై ఏడేళ్లు మాత్రమే. రెండూ కలిపి చదివితే అది ఒకే పాఠం. విడివిడిగా చదివితే ఒకటి బొబ్బిలి పౌరుషం, రెండోది విజయనగరం విషాదం. పాఠాన్ని ముక్కలు చేసినవాడు తెలిసి చేశాడో తెలియక చేశాడో గానీ, నష్టపోయింది మాత్రం మనం.

ఈ కథలో మన శృంగవరపుకోట వాళ్లకూ చోటుంది. అది ఎంతమందికి తెలుసు? రాజు పడిపోయాక ఆయన కొడుకు నారాయణబాబు చిన్నవాడు. ఆ పిల్లవాణ్ని తీసుకుని కొండ జమీందార్ల అండకు వచ్చారు. తలదాచుకున్నది కాశీపురంలో. తర్వాతి రోజుల్లో శృంగవరపుకోట తాలూకాలో చేరిన ఊరది, కొండల దిగువన. అనంతగిరి నుంచి దిగే గోస్తనీ మన పక్క నుంచే పద్మనాభం పోయి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. యుద్ధం ఆ నది కిందన జరిగితే, ఆశ్రయం మన కొండల కింద దొరికింది. రాజును చంపినంత సులువుగా కంపెనీ వాడు ఈ కొండల్లోకి రాలేకపోయాడు. చివరికి బేరానికి వచ్చి నారాయణబాబుకు జమీను తిరిగిచ్చాడు, కొండ జమీనులను విడదీసుకుని మరీ.

ఆ తర్వాత? 1802లో శాశ్వత పరిష్కారం వచ్చింది. విజయనగరం జమీను కింద 1,157 గ్రామాలు. కంపెనీకి ఏటా కట్టాల్సిన పేష్కష్ 5 లక్షల రూపాయలు. ఆ 5 లక్షలు రాజు జేబులోంచి రాలేదు. ఆ గ్రామాల్లో మడి దున్నినవాడి చెమటలోంచి వచ్చాయి. ఎవరి చరిత్ర అని అడిగితే, ముందుగా వాడి చరిత్ర. వాడి పేరు బొబ్బిలి పాఠంలో లేదు, విజయనగరం పాఠంలో లేదు.

ఇదంతా మన ఒక్కరి గొడవ కాదు. మన ఊళ్ల నుంచి అమెరికా వెళ్లిన పిల్లలకు నవంబర్ నెల నాలుగో గురువారం సెలవు. థాంక్స్ గివింగ్ పండగ. కుటుంబమంతా కూడి విందు చేసుకుంటారు. అక్కడి బడుల్లో చాలా కాలం చెప్పిన కథ ఇది. ఓడలో వచ్చిన ఇంగ్లీషు వాళ్లు ఆకలితో చచ్చిపోతుంటే, అక్కడి ఆదివాసులు మొక్కజొన్న పండించడం నేర్పారు. 1621లో పంట చేతికొచ్చాక ఇద్దరూ కలిసి ప్లిమత్‌లో మూడు రోజులు విందు చేసుకున్నారు. చిన్నపిల్లలు కాగితంతో ఈకల కిరీటాలు చేసుకుని ఆ విందును ఆడి చూపించేవాళ్లు.

విందు జరిగిన మాట నిజం. వాంపనోగ్ తెగ నాయకుడు మససోయిట్ తొంభై మందిని వెంటబెట్టుకుని వెళ్లిన మాట నిజం. కానీ ఎందుకు చేతులు కలిపాడు? అంతకు కొన్నేళ్ల ముందే తెల్లవాళ్ల ఓడలతో వచ్చిన రోగాలు ఆ తెగను ఊళ్లకు ఊళ్లుగా తుడిచిపెట్టాయి. పక్కన నారగాన్సెట్ తెగ బలంగా ఉంది. పక్కవాడి భయానికి దూరం నుంచి వచ్చినవాడితో స్నేహం చేశాడు. సరిగ్గా మన కథే! ఆ స్నేహం ఏమైంది? విందు జరిగిన యాభై నాలుగేళ్లకు అదే ఇంగ్లీషు వాళ్లతో యుద్ధం వచ్చింది. మససోయిట్ కొడుకు మెటాకామ్‌ను 1676లో చంపి, తల నరికి, అదే ప్లిమత్‌లో ఏళ్ల తరబడి కర్రకు గుచ్చి నిలబెట్టారు. పట్టుబడిన వాళ్లను బానిసలుగా అమ్మారు. విందు పాఠంలోకి ఎక్కింది. తల ఎక్కలేదు.

1970లో ఆ ఓడ వచ్చి 350 ఏళ్లయిందని ఉత్సవం పెట్టి, వాంపనోగ్ వాళ్ల తరఫున మాట్లాడమని వాంసుట్టా ఫ్రాంక్ జేమ్స్‌ను పిలిచారు. ఆయన ప్రసంగం ముందుగా చూసి, ఇది కుదరదు, మార్చమన్నారు. ఆయన మార్చలేదు. అదే ప్లిమత్ గుట్ట మీద తనవాళ్లతో నిలబడ్డాడు. ఆ ఏడు నుంచి ప్రతి థాంక్స్ గివింగ్ నాడు అక్కడ ఆదివాసులు శోకదినం పాటిస్తున్నారు. పండగ ఆగిపోలేదు. కానీ బడిలో పాఠం ఎలా చెప్పాలన్న చర్చ అక్కడ మొదలైంది, ఇంకా నడుస్తోంది. సగం చెప్పిన నిజం అబద్ధం కంటే చెడ్డదని అక్కడి మాష్టర్లు కొందరైనా గుర్తించారు.

మన దగ్గర ఒక విశేషముంది. పుస్తకం మరిచిపోయిన దాన్ని పండగ గుర్తుపెట్టుకుంది. దసరా వెళ్లిన తర్వాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం. మన కోట నుంచి, గజపతినగరం నుంచి, పార్వతీపురం నుంచి జనం బస్సులు పట్టక వెళతారు. ఆ తల్లి ఎవరు? పెద విజయరామరాజు చెల్లెలని జనం చెప్పుకుంటారు. బొబ్బిలి మీదికి పోవద్దన్నా అని అన్నగారిని ఆపబోయిందట. అన్న వినలేదు. అన్న పోయాడన్న కబురు విని ప్రాణం విడిచి, పెద్దచెరువులో విగ్రహమై వెలిసిందట.

ఈ కథకు కాగితం ఆధారం అడిగేవాళ్లు అడగవచ్చు. మేం అడిగేది వేరు. గెలిచిన ఊరి జనం యుద్ధానికి పోయిన అన్నను దేవుణ్ని చెయ్యలేదు. వద్దన్న చెల్లెల్ని ఇలవేల్పును చేసుకున్నారు. బొబ్బిలి విషయంలో విజయనగరం జనం ఇచ్చిన తీర్పు ఇంతకంటే ఏం కావాలి? బొబ్బిలి వాళ్లు ద్రోహం అన్నదాన్ని, విజయనగరం జనం చెల్లెలి నోట ‘వద్దన్నా’ అనిపించారు. రెండు ఊళ్లూ ఒప్పుకునే మాట ఆ గుడిలోనే ఉంది. దాన్ని బడిలోకి తెచ్చుకోవడమే మిగిలింది.

ఆ ఉత్సవంలో ఇంకొకటి చూడండి. సిరిమాను ముందు పాలధార నడుస్తుంది, అంజలి రథం నడుస్తుంది, బెస్తవారి వల నడుస్తుంది. చెరువులోంచి తల్లిని పైకి తెచ్చిన బెస్తల వాటా అది. తొలేళ్ల నాడు రైతులకు విత్తనాలు పంచుతారు. కోట బురుజు మీద రాజకుటుంబం కూర్చుంటే, కింద వీధిలో నడిచేది వల, విత్తనం, చింతమాను. రాజు ఒక్కడే చరిత్ర కాదని ఏటా ఊరేగింపు చేసి మరీ చెబుతున్నారు జనం. మన సాంఘికశాస్త్రం మాత్రం ఇంకా బురుజు మీద నుంచే చూస్తోంది.

ఇలా రాస్తే వచ్చే మాటలు మాకు తెలుసు. పాత గాయాలు కెలకడం ఎందుకంటారు. గాయం కెలికేది ఒకవైపు కథ. రెండు వైపుల కథ గాయానికి కట్టు కడుతుంది. పండగల్లోకి చరిత్ర లాగొద్దంటారు. పండగను ఎవరూ ఆపమనడం లేదు. తల్లికి ఘటం ఎత్తండి, మొక్కు తీర్చండి. మరునాడు బడిలో ఆ తల్లి ఏం చెప్పబోయిందో కూడా పిల్లకు చెప్పండి. సిలబస్సులో లేదు, మార్కులు రావంటారు. ఇది మాత్రం నిజమైన ఇబ్బందే. ఉద్యోగం కోసం రాత్రింబవళ్లు చదివే కుర్రవాడికి మార్కు రాని పాఠం బరువే. అందుకే సిలబస్సును మార్చాలని అడగాలి. బొబ్బిలి, చందుర్తి, పద్మనాభం ఒకే అధ్యాయంగా రావాలి. ప్లాసీ పక్కన రావాలి. పరీక్షలో ప్రశ్నగా రావాలి.

ప్రత్యేక రాష్ట్రం అడిగేవాళ్లం కాబట్టి ఈ మాట మనకు ఇంకా ముఖ్యం. తెలంగాణ సంగతి చూశాం. 2014లో రాష్ట్రం వచ్చాక అక్కడ పాఠ్యపుస్తకాలు తిరగరాసుకున్నారు. వాళ్ల ఉద్యమం వాళ్ల పిల్లలకు పాఠమైంది. అది వాళ్ల హక్కు. అయినా సెప్టెంబర్ 17 తగువు తీరలేదు. ఒకరు విమోచనం అంటారు, ఒకరు విలీనం అంటారు, ఒకరు విద్రోహం అంటారు. 2022లో ఒకే నగరంలో ఒకే రోజున కేంద్రం విమోచన దినం జరిపితే, రాష్ట్రం సమైక్యతా దినం జరిపింది. ప్రభుత్వం మారాక 2024లో అది ప్రజాపాలన దినోత్సవం అయింది. గద్దె మీద మనిషి మారితే పండగ పేరు మారుతోంది. పిల్లవాడు ఏ పేరు రాస్తే మార్కు పడుతుందో చూసుకోవాలి.

రేపు మనకూ ఆ పరిస్థితి రాకూడదు. రాష్ట్రం వస్తే పాఠం దానంతట అదే బాగుపడదు. గోడ మీద ఒక రాజు పటం తీసి ఇంకో రాజు పటం పెట్టుకోవడానికి ఉద్యమం అక్కర్లేదు. మన కరపత్రాల్లో, మన సభల్లో బొబ్బిలి పౌరుషం, విజయనగరం వైభవం అని గొంతెత్తి చెప్పడం సులువు. చప్పట్లు పడతాయి. మన్యం వాడు, చెరువులో వల వేసేవాడు, మడి దున్నేవాడు ఆ సభలో ఎక్కడో వెనక వరసలో నిలబడి వింటాడు. 1900లో పాచిపెంట వైపు కొర్రవానివలసలో కొర్ర మల్లయ్య వెనక గిరిజనులు లేస్తే పోలీసు తుపాకీ పేలింది. ఆ మల్లయ్య పేరు మన ఉపన్యాసాల్లో ఎన్నిసార్లు వినబడుతుంది? మన పాఠంలో అతనికి చోటు లేకపోతే, రేపు అతని మనవడు మన మీదే ఉద్యమం చేస్తాడు. చెయ్యడం న్యాయం కూడా.

మరి ఇప్పుడు చెయ్యగలిగింది ఏమిటి? ఉపాధ్యాయ మిత్రులకు మా విన్నపం. ప్రభుత్వం పుస్తకం మార్చేదాకా ఆగనక్కర్లేదు. విహారయాత్ర అంటూ బొర్రా గుహలకు పిల్లలను తీసుకెళ్లే బస్సే పద్మనాభం కూడా వెళుతుంది. బొబ్బిలి స్తంభం దగ్గరికీ వెళుతుంది. రెండూ ఒకే ఏడు చూపించండి. బొబ్బిలి కథ ఒక పిల్లతో, విజయనగరం కథ ఇంకో పిల్లతో చెప్పించి, బుస్సీకి ఏం మిగిలిందో మూడో పిల్లను లెక్కకట్టమనండి. డిగ్రీ చదివే విద్యార్థులకు ఇంకో మాట. సెలవులకు ఊరెళ్లినప్పుడు ముసలివాళ్లను కూర్చోబెట్టి అడగండి. జమీందారు కాలంలో శిస్తు ఎంత కట్టేవారో, వెట్టి ఏం చేసేవారో వాళ్ల పెద్దలు చెప్పింది రాసిపెట్టుకోండి. ఉద్యోగ సంఘాల పెద్దలకూ చెబుతున్నాం. జీతాల డిమాండ్ల కాగితంలో ఆఖరి వరస మీద పిల్లల పాఠాల గురించి కూడా ఒక డిమాండ్ రాయండి. మన జీతం మన ఇంటికే వస్తుంది, మన పాఠం మనవల దాకా పోతుంది.

పొరుగువాణ్ని దెబ్బతియ్యడానికి దూరపువాణ్ని పిలిచిన ప్రతిసారీ ఈ గడ్డ నష్టపోయింది. 1757లో పోయింది, 1758లో పిలిచింది 1794లో తిరిగి కొట్టింది. పదో తరగతి పిల్ల ఈ ఒక్క ముక్క అర్థం చేసుకుని బయటికొస్తే చాలు. ఆ పిల్ల రేపు బొబ్బిలి వాళ్ల ఓటరు కాదు, విజయనగరం వాళ్ల ఓటరు కాదు. తన ఊరి నీళ్లెవరు పట్టుకుపోతున్నారు, తన నేలెవరి పేర రాసుకుంటున్నారు, మధ్యలో మనల్ని మనలోనే ఎవరు కొట్టించుకుంటున్నారు అని అడిగే మనిషి. అలా అడిగేవాళ్లను తయారుచెయ్యని పాఠం ఎన్ని మార్కులు తెచ్చినా మన పాఠం కాదు.